ఒక్క మనిషి బరువు

ఓడలో అందరికంటే ముందు లేచేది అక్క. కిటికీ అవతల సముద్రం ఇంకా బూడిదరంగులో ఉండగానే జుట్టు ముడేసుకుని వంటగదిలోకి వెళ్ళేది. బోర్లించిన గిన్నెల్ని ఒక్కొక్కటే తిప్పి పెట్టేది. ఓడ ఊపుకి జారిపోకుండా పొయ్యి చుట్టూ ఇనుప కడ్డీలు బిగించి ఉండేవి. వాటి మధ్య పెద్ద గిన్నె ఇరికించి, నీళ్ళు పోసి, దానితో మాట్లాడటం మొదలెట్టేది. "కానీ తల్లీ, తొందరగా మరుగు, పిల్లలు లేచే వేళయింది" అని. ఇంట్లో మాట్లాడేవాళ్ళు తగ్గిపోయిన రోజుల్లో పట్టుబడిన అలవాటు అది. తనకి పాతికేళ్ళు దాటినా పోలేదు.

అది చదువుల ఓడ. సముద్రశాస్త్రం చదివే ఇరవైరెండుమంది పిల్లలు, ఒక మేష్టారు, ఓడ నడిపే సిబ్బంది. మూడు నెలల ప్రయాణం. పిల్లలు రోజుకి మూడుసార్లు తాడు కట్టిన సీసాల్ని నీళ్ళలోకి దింపి, పైకి లాగి, ఎంత లోతున ఎంత వేడి, ఎంత ఉప్పు అని కొలిచి పుస్తకంలో రాసుకోవాలి. పుస్తకంలో ఒక్క వారం ఖాళీ కనబడినా ఆ ఏడాది చదువు లేనట్టే.

ఆ ఇరవైరెండుమందిలో ఒకడు అక్క తమ్ముడు. ఆ సంగతి ఓడలో ఇద్దరికే తెలుసు.

అమ్మ పోయేనాటికి అక్కకి పదిహేను, తమ్ముడికి ఏడు. నాన్న అంతకుముందే ఎటో వెళ్ళిపోయాడు. అక్క బడి మానేసి ఒక హాస్టల్ వంటింట్లో చేరింది, అక్కణ్ణించి ఆసుపత్రి క్యాంటీన్‌కి, అక్కణ్ణించి ఓడలకి. తమ్ముడు హాస్టళ్ళలో పెరిగాడు. సెలవులకి అద్దెగదిలో ఇద్దరూ కలుసుకునేవాళ్ళు. ఒకే గది కాబట్టి అక్క నిద్రలో ఏం మాట్లాడుతుందో కూడా తమ్ముడికి తెలుసు. "ఉప్పు సరిపోయిందా?" అని అడిగేది. ఎవరూ జవాబు చెప్పకపోతే కాసేపాగి మళ్ళీ అడిగేది. చిన్నప్పుడు తమ్ముడు చాపమీంచే "సరిపోయిందక్కా" అనేవాడు. అప్పుడు పక్కకి తిరిగి హాయిగా పడుకునేది.

ఈ ఏడాది కాలేజీవాళ్ళు మాట్లాడుకున్న ఓడ తను వండే ఓడేనని తెలిసినప్పుడు రెండు రోజులు అక్క కాలు నేలమీద నిలవలేదు. ఇన్నాళ్ళూ ఎవరెవరి పిల్లలకో వండిపెట్టాను, ఈసారి మావాడికి, అని గిన్నెలన్నిటికీ చెప్పుకుంది. రేవులో ఓడెక్కే ముందు మాత్రం తమ్ముణ్ణి పక్కకి పిలిచి, "నేను నీకేమవుతానో చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టంరా. నీ స్నేహితులు, నీ చదువు. నాకేం పట్టింపు లేదు" అంది.

అలా అని అతని చొక్కా కాలరు సరిచేస్తూ నిలబడింది. ఆ నిమిషంలో తమ్ముడు ఓడకి కట్టిన తాళ్ళకేసి చూశాడు. "చూద్దాంలే అక్కా" అన్నాడు.

చూడటం అన్నది ఆ తర్వాత జరగలేదు. మొదటిరోజు భోజనాల దగ్గర ఎవరి ఇంటి సంగతులు వాళ్ళు చెప్పుకుంటుంటే, తమ్ముడు తను ఒక్కడే కొడుకునన్నాడు. అబద్ధమేం కాదు కదా అని సర్దిచెప్పుకున్నాడు. మూడోరోజు పిల్లలు ఓడలో అందరికీ మారుపేర్లు పెట్టారు. వంటమనిషి వంతు వచ్చేసరికి పొడుగ్గా ఉండే ఒక కుర్రాడు, అతన్ని అందరూ పొడుగనే పిలిచేవాళ్ళు, ఏం పెడదామని చుట్టూ చూశాడు. తను ఊరుకుంటే ఎందుకు ఊరుకున్నాడని ఎవరైనా అడుగుతారేమో అనిపించింది తమ్ముడికి. దొంగకి ఎవరూ చూడకపోయినా అందరూ చూస్తున్నట్టే ఉంటుంది. "గరిటెమ్మ" అన్నాడు. అందరూ నవ్వారు. సాయంత్రానికి ఓడంతా అదే పేరు. వారం తిరిగేసరికి అక్క కూడా ఆ పేరుకి పలకడం మొదలెట్టింది. ఎవరు పెట్టారో ఆమెకి తెలియదు.

తమ్ముడి కంచంలో మాత్రం అన్నం అడుగున రోజూ ఒక ఉడికించిన గుడ్డు ఎక్కువ ఉండేది. అతను దాన్ని పైకి రానివ్వకుండా, కలుపుతున్నట్టు కలుపుతూ, అన్నం చాటునే తినేవాడు.

నలభై ఒకటో రోజు పొద్దున ఓడ ఒక దీవి ముందు లంగరు వేసింది. మంచినీళ్ళు నింపుకోవాలి, కూరగాయలు తెచ్చుకోవాలి. పడమట గాలి చెడేలా ఉందని, సాయంత్రం దాటి ఒక్క గంట కూడా ఆగేది లేదని కెప్టెన్ ముందే చెప్పేశాడు. ఈలోగా పిల్లలు ఒడ్డుకి వెళ్ళి బావుల్లో నీళ్ళు పరీక్షించి రావచ్చన్నారు మేష్టారు.

దీవి చుట్టూ పగడపు దిబ్బ గోడలా ఉంది. ఆ గోడలో ఒకటే సందు. పోటు మీదున్నప్పుడు కూడా అందులో నీళ్ళు నడుంలోతే. కాబట్టి పెద్ద ఓడలు బయటే ఆగాలి. అడుగు చదునుగా ఉండే పడవ ఒకటి వచ్చి మనుషుల్ని తీసుకెళ్ళాలి. ఆ పడవ పక్కబల్ల మీద ఒక ఎర్రగీత. నీళ్ళు ఆ గీత దాటితే సందులో పడవ అడుగు రాళ్ళకి తగులుతుంది. ఎనిమిదిమంది ఎక్కితే నీళ్ళు సరిగ్గా గీత మీద నిలుస్తాయి.

పడవాయనకి యాభై ఏళ్ళుంటాయి. ఎక్కేవాళ్ళ మొహాలు చూడడు, గీతనే చూస్తాడు. రెండో ట్రిప్పులో మేష్టారు, ఖాళీ బుట్టలతో అక్క, తమ్ముడు, కళ్ళజోడు పెట్టుకునే ఒక అమ్మాయి, ఇంకో నలుగురు పిల్లలు ఎక్కారు. పొడుగు మాత్రం ఓడ మెట్ల మీదే మిగిలిపోయాడు. పడవాయన వంగి చూశాడు. నీళ్ళు గీతకి బెత్తెడు కింద ఉన్నాయి.

"మీలో ఇద్దరు ఒక ఇంటివాళ్ళున్నారు. ఇంకొకరు ఎక్కండి" అన్నాడు.

"మాలో ఎవరూ లేరండీ. అందరం వేరువేరు" అన్నారు మేష్టారు.

"నీళ్ళు ఉన్నారంటున్నాయి కదండీ. ఒక ఇంటివాళ్ళు కలిసి కూర్చుంటే పడవకి ఒక్క మనిషి బరువే." కొట్టువాడు తూకం గురించి చెప్పినట్టు చెప్పి, పొడుగుకి చెయ్యి అందించాడు. పొడుగు ఎక్కాడు. నీళ్ళు గీతని తాకి ఆగాయి. మేష్టారు సరేనని తలాడించి, గాలి దిక్కు చూసి పుస్తకంలో రాసుకున్నారు.

గడ వేస్తూ పడవాయన ఊరి కబుర్లు చెప్పాడు. "రక్తం ఒక్కటే చూసుకుంటే లెక్క తప్పుతుంది బాబూ. కొత్త పెళ్ళివాళ్ళు ఇద్దరి బరువుంటారు. ఏడాది తిరిగేసరికి కొందరు ఒక్కరవుతారు. ముప్పై ఏళ్ళయినా ఇద్దరుగానే ఉన్నవాళ్ళూ ఉన్నారు, మా ఆవిడని అడక్కండి. ఒకసారి ఒక అత్తాకోడళ్ళు ఒక్క బరువయ్యారని తెలిసి ఊరంతా ఒడ్డుకి పరిగెత్తింది చూడ్డానికి. ఇంకోసారి అన్నదమ్ములు పొద్దున ఒక్కరుగా వెళ్ళి, పొలంగట్టు దగ్గర మాటామాటా అనుకుని, సాయంత్రం ఇద్దరుగా వచ్చారు. పడవ మునిగినంత పనయింది."

అందరూ నవ్వారు. ఆ ఇద్దరూ ఎవరై ఉంటారని పందేలు కాసుకున్నారు. పొడుగు మేష్టారి ముక్కునీ కళ్ళజోడమ్మాయి ముక్కునీ మార్చి మార్చి చూసి, బాబాయి కూతురేమో అన్నాడు. ఆ నవ్వులన్నీ అయ్యేదాకా తమ్ముడు వంగి బూటు తాడు కట్టుకుంటూనే ఉన్నాడు. అక్క ఖాళీ బుట్టల్ని ఒకదాంట్లో ఒకటి సర్దుతూ సముద్రంకేసి చూసింది. ఆమె పెదాల చివర మాత్రం చిన్న కదలిక ఉంది.

ఒడ్డున ఒకటే పెద్ద వీధి. రేకుల కప్పుల ఇళ్ళు, తాళం వేసిన తపాలాఫీసు, ఐసు గడ్డల మీద చేపలు పరిచిన అంగడి. పిల్లలు మూడు బావుల్లో సీసాలు దింపి నీళ్ళు తీసుకున్నారు. పని అయ్యాక ఎవరికి వాళ్ళు చెదిరారు. తమ్ముడు ఇళ్ళ మధ్య ఒక సందులోంచి వస్తుంటే ఎదురుగా అక్క, నిండిన బుట్టని నడుముకి ఆనించుకుని, రెండోది నేలమీద పెట్టి.

ఇటూ అటూ చూసి, "ఎవరూ లేరులే. మలుపుదాకా ఒక చెయ్యి వెయ్యి, తర్వాత నేను చూసుకుంటా" అంది.

ఆ రెండో బుట్ట ఇద్దరి మధ్యా పట్టుకుని నడిచారు. అక్క చిన్నగా నవ్వుకుంటోంది.

"ఎందుకక్కా నవ్వుతావు?"

"పడవాయన మనల్ని పట్టేశాడు చూశావా? నాకు భయమేసింది, నువ్వు ఇబ్బంది పడతావని. కానీ నిజం చెప్పనా? సంతోషం కూడా వేసిందిరా. ఇన్నేళ్ళుగా నేను అనుకోవడమే గానీ, ఎవరూ తూచి చెప్పలేదు కదా."

తమ్ముడికి అప్పుడే చెప్పేద్దాం, ఓడెక్కగానే అందరి ముందూ చెప్పేద్దాం అనిపించింది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. ఇంతలో మలుపు వచ్చింది, పెద్ద వీధిలో ఎవరో నవ్వుతున్న చప్పుడైంది. చేతిలో బుట్ట దానంతటదే జారిపోయినట్టు వదిలేశాడు. అక్క ఒక అడుగు తూలి, సర్దుకుని, రెండు బుట్టలూ తనే ఎత్తుకుని అంగడివైపు వెళ్ళిపోయింది.

టీకొట్టు అరుగు మీద పొడుగు, కళ్ళజోడమ్మాయి, మిగతావాళ్ళు కూర్చుని ఉన్నారు. తమ్ముడు వెళ్ళి చివర్న కూర్చున్నాడు. కాసేపటికి అక్క అదే వీధిలో, ఎండలో, బుట్టలతో రేవువైపు వెళ్ళింది. బుట్టలోంచి జారబోయిన గుమ్మడికాయని మోచేత్తో ఆపి, దానితో ఏదో అంటోంది. పొడుగు లేచి, నడుముకి గ్లాసు ఆనించుకుని, ఆ నడకా ఆ మాటా దించేశాడు. "జారకు తల్లీ, జారకు, పిల్లలు తినాలి." అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

తమ్ముడూ నవ్వాడు. అక్కడితో ఆగినా బాగుండేది. నవ్వు కొంచెం తగ్గుతుంటే, దాన్ని మళ్ళీ లేపాలనిపించింది. తన చేతిలో అందరికంటే మంచి సరుకుంది మరి.

"ఇదేం చూశారు. ఆవిడ నిద్రలో కూడా వండుతుంది. ఉప్పు సరిపోయిందా, ఉప్పు సరిపోయిందా అని అడుగుతుంది. ఎవరూ చెప్పకపోతే తెల్లవార్లూ అడుగుతూనే ఉంటుంది" అన్నాడు, ఆ గొంతు అచ్చంగా పెట్టి.

పొడుగు నవ్వలేక అరుగు మీద చతికిలబడ్డాడు. ఆ గొంతు అంత బాగా కుదిరింది.

"నీకెలా తెలుసు?" అంది కళ్ళజోడమ్మాయి.

"ఊరికే అన్నాను."

ఆ అమ్మాయి నవ్వడం ఆపి వీధిలోకి చూసింది. "పాపం, ఆవిడకి ఎవరైనా ఉన్నారో లేదో."

"ఎవరుంటారు? ఉంటే ఇలా ఓడల్లో గరిటె తిప్పుకుంటూ తిరుగుతుందా?" అన్నాడు తమ్ముడు.

అనేసి టీ తాగాడు. నాలిక కాలింది. గ్లాసులు తియ్యడానికొచ్చిన కొట్టావిడ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం నీళ్ళ పీపాలు, కూరగాయల బుట్టలు, మిగతా పిల్లలు ముందు ట్రిప్పుల్లో ఓడకి చేరిపోయారు. ఆఖరి ట్రిప్పుకి పొద్దుటి తొమ్మిదిమందే మిగిలారు. ఆటు మొదలైంది. దిబ్బ మీద నల్లరాళ్ళు తలలెత్తుతున్నాయి. పడవాయన పొద్దుటి లెక్క గుర్తుపెట్టుకుని తొమ్మిదిమందినీ ఎక్కించుకున్నాడు. గడ తీసుకుని, అలవాటుగా వంగి చూసి, ఆగిపోయాడు.

నీళ్ళు ఎర్రగీతని దాటి బెత్తెడు పైన ఉన్నాయి.

"పొద్దున వచ్చింది మీరే కదా?" అన్నాడు.

"మేమే" అన్నారు మేష్టారు.

పడవాయన వేలితో అందర్నీ లెక్కపెట్టాడు. ఇంకోసారి లెక్కపెట్టాడు. "ఒకరు దిగాలి. మళ్ళీ వచ్చి తీసుకెళ్ళడానికి లేదు, నేను తిరిగొచ్చేసరికి సందు మూసుకుపోతుంది. రేపు మధ్యాహ్నం పోటుదాకా తెరుచుకోదు" అన్నాడు.

"రేపటిదాకా ఓడ ఉండదే" అన్నారు మేష్టారు. "మేం మళ్ళీ ఇటు వచ్చేది తిరుగు ప్రయాణంలో. ఇరవై ఆరు రోజులు."

అక్క పక్కబల్ల మీంచి వంగి గీతని చూసింది. పొయ్యి మీద గిన్నె అడుగంటిందేమోనని చూసే మనిషిలా చాలాసేపు చూసింది. తమ్ముడు ఆమెని చూస్తున్నాడు. ఆమె ఏం వినలేదు, టీకొట్టు దగ్గర ఆమె లేదు, ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా ఆ బెత్తెడు నీళ్ళు చదువుకుంటున్నట్టు ఆమె కళ్ళు కదలడం కనిపించింది. తల ఎత్తి తమ్ముడివైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే అతను ఓర్చుకునేవాడే. కోపం లేదు. కంచంలో ఏదో తగ్గిందని వెనక్కి తెచ్చినప్పుడు, తప్పు తన వంటదే అన్నట్టు చూస్తుందే, ఆ చూపు.

"నేను దిగుతాను" అంది అక్క.

"మీరు దిగితే ఎలాగమ్మా? ఓడలో వంట?"

"స్టోరు చూసే ఆయనకి ఉడకేయడం వచ్చండి. ఇరవై ఆరు రోజులే కదా. ఏదోటి తింటారు."

"మీ ఉద్యోగం సంగతి? పని మధ్యలో దిగిపోయారని రాస్తారు. తర్వాత మిమ్మల్ని ఏ ఓడా తీసుకోదు."

"పిల్లల చదువు పోతుంది కదండీ, వాళ్ళలో ఎవరు దిగినా" అంది. చెప్పులు చేతిలో పట్టుకుని, పడవ అంచు దాటి, మోకాలిలోతు నీళ్ళలోకి దిగింది. పడవ తేలికై పైకి లేచింది. నీళ్ళు గీతకి సరిగ్గా వచ్చి ఆగాయి.

"చూశారా, గరిటెమ్మ బరువంతా గరిటెదే" అన్నాడు పొడుగు. ఒకరిద్దరు నవ్వబోయి ఊరుకున్నారు.

తమ్ముడికి ఒళ్ళంతా కాగింది. చెవులు, మెడ, అరచేతులు. ఎవరికీ ఏమీ తెలియలేదు. గుట్టు గుట్టుగానే ఉంది. పడవ తనని పట్టివ్వలేదు, తను అడిగిందే ఇచ్చింది. ఎవరూ లేరన్నాడు, నీళ్ళు సరేనన్నాయి. ఇప్పుడు కదలకుండా కూర్చుంటే చాలు. ఓడ కదిలిపోతుంది, పరీక్ష రాస్తాడు, ఎవరూ ఎప్పుడూ అడగరు. అంత తేలిగ్గా ఉంది. ఆ తేలికే అతన్ని కూర్చోనివ్వలేదు.

లేచి నిలబడ్డాడు. పడవ ఊగింది.

"ఆవిడ మా అక్క" అన్నాడు.

పొడుగు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. కళ్ళజోడమ్మాయి తల దించుకుంది. ఆ అమ్మాయి తల దించుకోవడం చూశాక తమ్ముడికి ఇంక ఎటు చూడాలో తెలియలేదు.

"సొంత అక్క. నన్ను పెంచింది. తను ఎక్కొచ్చు, మేమిద్దరం ఒక్కటే లెక్క" అన్నాడు పడవాయనతో.

"పొద్దున చెప్పుంటే నేనూ నమ్మేవాణ్ణి బాబూ. ఇప్పుడు కాదంటున్నాయి కదా నీళ్ళు" అన్నాడు పడవాయన, నొప్పించకుండా. "నోటిమాట ఇక్కడ తూగదు. తొందరగా తేల్చండి, రాళ్ళు బయటపడుతున్నాయి."

"అయితే నేను దిగుతాను. తను ఎక్కాలి."

"ఇరవై ఆరు రోజుల పుస్తకం ఖాళీగా ఉంటుంది. ఏడాది పోతుంది. తెలుసా?" అన్నారు మేష్టారు.

"తెలుసండి."

నీళ్ళలోకి దిగాడు. అక్క ఎదురుగా నిలబడ్డాడు. "ఎక్కక్కా" అన్నాడు.

ఆమె వద్దంటుందనుకున్నాడు. తన జన్మలో ప్రతిసారీ వద్దనే అంది. ఆఖరి ముద్ద తినమంటే వద్దంది, కొత్త దుప్పటి కప్పుకోమంటే వద్దంది, పెళ్ళి చూపులకి ఎవరో వస్తామంటే వద్దంది. వద్దు, నీ చదువు ముఖ్యం, నువ్వెక్కు అంటుంది. తను బతిమాలతాడు. తను అలా బతిమాలడం పడవలో అందరూ చూస్తారు. దిగేటప్పుడే మనసులో ఒక మూల ఆ లెక్క వేసుకున్నాడని అతనికి అప్పుడే తెలిసింది.

అక్క వద్దనలేదు. చెప్పులు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పడవ అంచు పట్టుకుని, ఎక్కి, అతను లేచిన చోటే కూర్చుంది. తడిసిన అంచులు పిండుకుంది. పడవాయన గడ వేశాడు. సందు దాటేదాకా ఆమె వెనక్కి తిరగలేదు. దాటాక తిరిగిందో లేదో, దూరం వల్ల కనబడలేదు.

తమ్ముడు పడవాయన ఇంట్లోనే ఉన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. పొద్దున్నే పడవలో చేరిన నీళ్ళు తోడేవాడు, బుట్టలు అందించేవాడు, నాలుగు రోజుల్లో గీత చూడటం నేర్చుకున్నాడు. దెబ్బలాడుకుంటూ ఎక్కిన తల్లీకూతుళ్ళు ఒక్క బరువుండటం చూశాడు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఎక్కినవాళ్ళు రెండు బరువులుండటమూ చూశాడు. ఎవరు ఎక్కినా అతను వాళ్ళ మొహాలు చూడటం మానేశాడు. ఎవరింటి సంగతి వాళ్ళది.

టీకొట్టు ముందునుంచి వెళ్ళకుండా చుట్టుతిరిగి వెళ్ళేవాడు. పదోరోజు కొట్టావిడే ఎదురొచ్చి, "ఆ రోజు నువ్వన్న మాట నాకు వినబడింది బాబూ. పడవాయన అడిగాడు, పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య ఏం జరిగిందని. నాకు తెలీదన్నాను" అంది. తిట్టినా బాగుండేది. ఆవిడ తన గుట్టు దాచిందన్న సంగతి తిట్టుకంటే ఎక్కువగా గుచ్చుకుంది. థాంక్స్ చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆ వారమంతా అక్క గొంతు తన నోట్లోంచి వచ్చినట్టు వినబడుతూనే ఉంది. ఉప్పు సరిపోయిందా.

ఇరవై ఆరో రోజు ఓడ వచ్చింది. అక్క బుట్టలతో మొదటి ట్రిప్పులోనే ఒడ్డుకి దిగింది. కొంచెం చిక్కింది. మనిషిని ఎగాదిగా చూసి, "నల్లబడ్డావు" అని మాత్రం అంది. తర్వాత అంగట్లో కూరలు ఏరుతూ ఓడ కబురు చెప్పింది. "జాబితాలోంచి నీ పేరు కొట్టేశారు. పిల్లల గదిలో చోటు లేదట. వంటగదిలో పని చేసేట్టయితే రేవుదాకా తీసుకెళ్తానన్నాడు కెప్టెన్. వాళ్ళందరికీ నువ్వే వడ్డించాలి. వస్తావా?"

"వస్తాను."

"ఉల్లిపాయలు తరగడం వచ్చా?"

"రాదు."

"నేర్చుకుందువుగాని."

రేవుకి వచ్చారు. పడవ ఇంకా ఖాళీగానే ఉంది. తమ్ముడు బుట్టలు గట్టుమీద దించి, నిలబడిపోయాడు. ఇరవై ఆరు రోజులుగా వల్లించుకున్నది మొదలుపెట్టాడు.

"అక్కా, ఆ రోజు నేను టీకొట్టు దగ్గర..."

"చెప్పకు" అంది అక్క.

"కాదక్కా, నువ్వు వినాలి. నేను నిన్ను..."

"ఏదో అన్నావని నీళ్ళని చూస్తేనే తెలిసింది. అది చాలు. ఏమన్నావో చెప్పావంటే, ఇంక జన్మంతా ఆ మాట నేను మొయ్యాలి. నీ మొహం చూసినప్పుడల్లా అదే వినబడుతుంది. నాకు వద్దు నాన్నా. అది నీది, నీ దగ్గరే ఉంచుకో." గొంతు పెంచకుండానే అంది, కూరలో ఏది తగ్గిందో చెప్పినట్టు. తర్వాత పడవెక్కి కూర్చుని, పక్కన చోటు వదిలింది.

తమ్ముడు ఎక్కి కూర్చున్నాడు. చెప్పేస్తే దిగిపోతుందనుకున్న బరువు దిగలేదు. అది ఇక ఎవరికీ ఇవ్వడానికి లేదని అర్థమైంది. ఓడ మీద సరుకులు సర్దే పనికి వెళ్తున్న ఊరివాళ్ళు ఆరుగురు ఖాళీ చేతులతో వచ్చి ఎక్కారు, ఎవరికి ఎవరూ కానివాళ్ళు. మొత్తం ఎనిమిదిమంది. తమ్ముడు గీతవైపు చూడలేదు. చూడటం వచ్చు గనకే చూడలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు.

పడవాయన వంగి చూశాడు. ఇంకొంచెం వంగి, గీతకీ నీళ్ళకీ మధ్య కొలుస్తున్నట్టు బొటనవేలు బల్లకి ఆనించాడు.

"ఇంకో మనిషి పట్టడు" అన్నాడు.

తమ్ముడు తల ఇంకా దించుకున్నాడు.

"చిన్న మూట ఏదైనా ఉంటే పడుతుంది" అన్నాడు పడవాయన.

అక్క గట్టుమీది బుట్టల్ని ఒకసారి చూసి, "ఆ ఉల్లిపాయల మూట ఇటు అందించండి" అంది.

ఆయన అందించాడు. అక్క దాన్ని తీసుకుని తమ్ముడి ఒళ్ళో పెట్టింది.